చమురు ఆగితే ఎన్నాళ్లు? దిగుమతి శాతం చెప్పని లెక్క

ఒక దేశపు ఇంధన భద్రత మాట వస్తే ముందుగా చెప్పే అంకె దిగుమతి శాతం. వాడే చమురులో 85 శాతం బయటి నుంచి వస్తోందంటే గండం, 30 శాతమే అంటే నిశ్చింత అనుకుంటాం. ఆ అంకె అబద్ధం కాదు గానీ దానితో తేలేది తక్కువ. జపాన్ తన చమురును దాదాపు మొత్తం దిగుమతి చేసుకుంటుంది. అందులో 90 శాతానికి పైగా పశ్చిమాసియాదే. ఇటు బ్రిటన్, ఉత్తర సముద్రపు బావుల పుణ్యమా అని, 2000 నాటికి చమురు కొనేదానికన్నా అమ్మేది ఎక్కువ. అయినా ఆ ఏడాది సెప్టెంబరులో ఇంధన పన్నుల మీద కోపంతో రైతులు, లారీల వాళ్లు రిఫైనరీలు, డిపోల గేట్ల ముందు అడ్డంగా కూర్చుంటే వారం తిరక్కుండానే వేల బంకులు ఎండిపోయాయి. జపాన్ దగ్గర నెలల తరబడి సరిపోయే నిల్వలుంటాయి. బ్రిటన్ బంకుల్లో ఉన్నది కొద్ది రోజుల సరుకు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు శాతం కన్నా రెండు గడువులను పక్కపక్కన పెట్టి చూస్తారు. వస్తున్న చమురు ఆగిపోతే దాని బదులు మరో చమురు రేవుకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? అది చేరేదాకా ఉన్నదానితో ఎన్ని రోజులు నెట్టుకురాగలం? మొదటిది రెండోదాని కన్నా చిన్నదైతే నూటికి నూరు శాతం దిగుమతి మీద బతికే దేశం కూడా ఒడ్డున పడుతుంది. పెద్దదైతే సగం చమురు సొంత గడ్డలో పుట్టినా చిక్కే.

కొరత వేరు, ధర వేరు

దెబ్బ రెండు రకాలు. సరుకే రాకపోవడం ఒకటి, వచ్చినా కొనలేని ధరకు రావడం మరొకటి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చ సగం దారి తప్పుతుంది.

1973 అక్టోబరు 17న అరబ్ చమురు దేశాలు ఉత్పత్తిని నెలనెలా 5 శాతం చొప్పున కోస్తామని ప్రకటించాయి. ఆ వెంటనే అమెరికా, నెదర్లాండ్స్ లాంటి దేశాలకు అసలు అమ్మబోమన్నాయి. రెండు నిర్ణయాల్లో నిజంగా కరిచింది మొదటిదే. అమ్మబోమన్న దేశాలకు చమురు కంపెనీలు అరబ్బేతర సరుకును మళ్లించాయి, వాళ్లకు పోవాల్సిన అరబ్ సరుకును ఇతరులకు పంపాయి. దాంతో లోటు అందరి మీదా ఇంచుమించు సమానంగా పడింది. బ్యారెల్ దాదాపు 3 డాలర్ల నుంచి 1974 జనవరికి 11.65 డాలర్లకు చేరింది. ఆ ధర నిషేధం పడిన దేశానికీ పడని దేశానికీ ఒకటే.

సముద్రం మీద తిరిగే చమురంతా ఒకే చెరువు. ఎక్కడ తోడినా మట్టం అన్ని చోట్లా దిగుతుంది. సొంత చమురు సమృద్ధిగా ఉన్న దేశం కూడా ధర దెబ్బ తప్పించుకోలేకపోవడానికి కారణం ఇదే. అమెరికా 2020లో పెట్రోలియం నికర ఎగుమతిదారుగా మారింది. 2022 జూన్‌లో అక్కడి బంకుల్లో సగటు ధర గాలన్‌కు 5 డాలర్లు దాటింది. దేశీయ బావి యజమాని కూడా తన సరుకును అంతర్జాతీయ ధరకే అమ్ముతాడు, ఎగుమతి దారి తెరిచి ఉన్నంత కాలం.

చిన్న కొరతకే ధర ఎందుకంత ఎగురుతుంది? తక్కువ వ్యవధిలో గిరాకీ దాదాపు వంగదు కాబట్టి. ధర 10 శాతం పెరిగితే కొద్ది నెలల్లో వాడకం తగ్గేది 1 శాతం లోపే. లారీ రేపటికల్లా వేరే ఇంధనంతో నడవదు, ఉద్యోగి ఇల్లు ఆఫీసు పక్కకు మారదు. సరఫరాలో 2 శాతం పోతే ఆ మేరకు వాడకాన్ని నొక్కడానికి ధర 20 శాతానికి మించి పెరగాల్సి వస్తుంది.

రోజుకు 10 లక్షల బ్యారెళ్లు దిగుమతి చేసుకునే దేశాన్ని ఊహించుకుందాం. దీన్నే ఇకపైనా వాడుకుందాం. బ్యారెల్‌కు 10 డాలర్లు పెరిగితే ఏడాదికి అదనపు బిల్లు 365 కోట్ల డాలర్లు. అది డాలర్లలోనే కట్టాలి. డాలర్లకు గిరాకీ పెరిగి సొంత కరెన్సీ బలహీనపడుతుంది, దాంతో అదే బ్యారెల్ మరోసారి ఖరీదవుతుంది. ఇక్కడ చాలామంది గమనించని ఇరుకు ఒకటుంది. పెద్ద ట్యాంకర్‌లో పట్టేది 20 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్ 60 డాలర్లయితే ఆ సరుకుకు 12 కోట్ల డాలర్ల లెటర్ ఆఫ్ క్రెడిట్ (అమ్మేవాడికి డబ్బు అందుతుందని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) కావాలి, 120 అయితే 24 కోట్లు. దిగుమతి కంపెనీకి బ్యాంకు ఇచ్చిన పరిమితి పెరగకపోతే ఓడల సంఖ్య సగానికి పడిపోతుంది. ధర దెబ్బ కొరతగా మారేది ఇలాగే. 2022లో శ్రీలంకకు ఏ దేశమూ చమురు అమ్మబోనని చెప్పలేదు. కట్టడానికి డాలర్లు లేవు, అంతే. ఓడలు తీరం దగ్గర లంగరు వేసి డబ్బు కోసం ఎదురుచూశాయి. జూన్ చివర్లో అత్యవసర సేవలకు తప్ప ఇంధనం అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. విదేశీ మారక నిల్వలు కూడా చమురు నిల్వల్లాంటివేనని ఆర్థిక శాఖలు ఒప్పుకోవడానికి ఇలాంటి సంఘటనలు కావలసి వస్తున్నాయి.

ఒక రిఫైనరీకి సరిపడేది మరోదానికి సరిపడదు

“ఒకరు అమ్మకపోతే ఇంకొకరి దగ్గర కొంటాం” అనే మాట రిఫైనరీ గేటు దాకానే చెల్లుతుంది. ముడి చమురు పేరుకే ఒకటి. సాంద్రతను ఏపీఐ డిగ్రీల్లో కొలుస్తారు, అంకె పెద్దదైతే చమురు తేలిక. ఉత్తర సముద్రపు బ్రెంట్ రకం 38 డిగ్రీల దగ్గర, గంధకం 0.4 శాతం. దుబాయ్ రకం 31 డిగ్రీలు, గంధకం సుమారు 2 శాతం. మెక్సికో వారి మాయా 22 డిగ్రీలు, గంధకం 3 శాతం పైనే.

రిఫైనరీని కట్టేటప్పుడే ఏ మిశ్రమం వాడతారో లెక్కగట్టి ఒక్కో యూనిట్ పరిమాణం నిర్ణయిస్తారు. భారీ చమురు కోసం కట్టినచోట అడుగున మిగిలే మడ్డిని పగలగొట్టే కోకర్లు, హైడ్రోక్రాకర్లు పెద్దవిగా ఉంటాయి. అక్కడ తేలిక చమురు పోస్తే స్వేదన స్తంభం పైభాగం ఆవిరితో ఉక్కిరిబిక్కిరి అవుతుంది, కింద కోట్లు పోసి కట్టిన యూనిట్లకు మేత చాలదు. మొత్తం ఉత్పత్తిని తగ్గించుకోవాలి. తిరగేసి చూస్తే, తేలిక చమురు కోసం కట్టిన చోట భారీ చమురు పోస్తే గంధకం తీసే యూనిట్ సామర్థ్యం మించిపోయి డీజిల్ ప్రమాణాలకు అందదు. మడ్డి కుప్పలు పడుతుంది. ఆమ్లత్వం ఎక్కువున్న రకమైతే పైపులు తినేస్తుంది. రెండు రకాలు కలిపితే పొసగక అస్ఫాల్టీన్లు (తారు లాంటి బరువైన పదార్థాలు) విడిపోయి, ఉష్ణ వినిమాయకాల్లో పేరుకుపోయే సందర్భాలూ ఉంటాయి. అందుకే కొత్త రకాన్ని ముందు ప్రయోగశాలలో పరీక్షించి, కంప్యూటర్ నమూనాలో పెట్టి చూసి, తర్వాత 5, 10 శాతాలుగా పాత సరుకులో కలుపుతూ పోతారు. దీనికి విడి ట్యాంకులుండాలి. ట్యాంకులన్నీ నిండి ఉన్న రిఫైనరీకి ఎంత చవక సరుకు దొరికినా దించుకునే చోటుండదు.

2011లో లిబియా నుంచి రోజుకు సుమారు 16 లక్షల బ్యారెళ్లు ఆగిపోయినప్పుడు ఈ తేడా బయటపడింది. పోయింది తేలికైన, గంధకం తక్కువ రకం, యూరప్ రిఫైనరీలకు అచ్చంగా సరిపోయేది. సౌదీ అరేబియా అదనంగా తీయగలిగింది ఎక్కువగా బరువైన, గంధకం ఉన్న సరుకు. అంకెల్లో బ్యారెల్‌కు బ్యారెల్ సరిపోయినా రిఫైనరీల్లో సరిపోలేదు. చివరికి ఆ జూన్‌లో అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలు 6 కోట్ల బ్యారెళ్ల నిల్వలు విడుదల చేశాయి. అందులో సగం అమెరికా ఇచ్చిన తేలిక రకమే. నికర ఎగుమతిదారైన అమెరికా నేటికీ రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా ముడి చమురు దిగుమతి చేసుకోవడానికి కూడా మూలం ఇక్కడే ఉంది. గల్ఫ్ తీరంలోని రిఫైనరీలు భారీ చమురు కోసం కట్టినవి, షేల్ బావుల్లో వచ్చేది తేలిక సరుకు.

పైప్‌లైన్ చివర కట్టిన రిఫైనరీల కథ మరింత ఇరుకు. జర్మనీలో ష్వెట్ రిఫైనరీ దశాబ్దాల పాటు రష్యా నుంచి వచ్చే ద్రుజ్బా పైప్‌లైన్ మీదే నడిచింది. బెర్లిన్ ప్రాంతానికి ఇంధనం చాలావరకు అక్కడి నుంచే. 2023 నుంచి రష్యా చమురు మానుకోవాలని 2022లో నిర్ణయించాక తెలిసిందేమంటే, రోస్టాక్ రేవు నుంచి వచ్చే పాత పైప్‌లైన్ రిఫైనరీని పూర్తిగా నడిపేంత మోయలేదు. మిగతాదానికి పోలండ్ రేవు గ్డాన్స్క్ నుంచీ, కజకిస్థాన్ నుంచీ ఏర్పాట్లు వెతుక్కోవలసి వచ్చింది. తీరం లేని చెక్ రిపబ్లిక్, ఇటలీ రేవు ట్రియెస్టే నుంచి ఆల్ప్స్ దాటి వచ్చే పైప్‌లైన్‌లో పంపింగ్ సామర్థ్యం పెంచాక గానీ రష్యా సరుకును పూర్తిగా వదలలేదు. అది 2025 నాటి మాట. అంటే నిర్ణయానికీ అమలుకూ మధ్య దాదాపు మూడేళ్లు. పోల్చి చూస్తే, తీరం వెంట రకరకాల చమురు మింగగల పెద్ద రిఫైనరీలున్న భారత్, 2022కి ముందు 2 శాతం లోపే ఉన్న రష్యా వాటాను 2023లో మూడో వంతు దాటించింది. రాజకీయంగా ఎవరికి ఏది నచ్చినా, మారడం ఎంత వేగంగా సాధ్యమన్నది ఇనుములో, కాంక్రీటులో ముందే రాసి ఉంటుంది.

పైప్‌లైన్‌కు ఇంకో బలహీనత ఉంది. 2019 ఏప్రిల్‌లో అదే ద్రుజ్బాలోకి సేంద్రియ క్లోరైడ్లు కలిసిన చమురు వచ్చింది. అనుమతించే హద్దు 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10), వచ్చిన చోట 150 పైనే. ఉప్పునైతే రిఫైనరీ ముందుభాగంలోని డీసాల్టర్ కడిగేస్తుంది, సేంద్రియ క్లోరైడ్లను కడగలేదు. అవి లోపలికి వెళ్లి హైడ్రోజన్ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లమై పరికరాలను కొరికేస్తాయి. పోలండ్, జర్మనీ వైపు ప్రవాహం వారాల పాటు ఆగింది. ఇందులో యుద్ధం లేదు, ఆంక్ష లేదు, ఎవరి బెదిరింపూ లేదు.

దారి, ఓడ, బీమా కాగితం

అమ్మేవాళ్లను పెంచుకుంటే ప్రమాదం తగ్గుతుందంటారు. తగ్గుతుందో లేదో కొలవడానికి మామూలుగా వాడే సూత్రం తేలికే: ఒక్కో అమ్మకందారు వాటా శాతాన్ని దానితోనే గుణించి అన్నీ కూడాలి. నలుగురు 25 శాతం చొప్పున అమ్మితే 2,500. ఒకరు 60, మరొకరు 20, చివరి ఇద్దరు పదేసి శాతం అయితే 4,200. అంకె పెద్దదయ్యేకొద్దీ ఒకరి మీదే ఆధారపడ్డట్టు. కాగితం మీద మొదటి దేశం క్షేమం. కానీ ఆ నలుగురూ సౌదీ, ఇరాక్, కువైట్, యూఏఈ అయితే? నలుగురి సరుకూ ప్రధానంగా హార్ముజ్ జలసంధి గుండానే రావాలి. లెక్కను అమ్మేవారి పేర్లతో కాకుండా దారుల పేర్లతో వేస్తే వచ్చే అంకె 10,000, అంటే పరమావధి.

హార్ముజ్ అత్యంత ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు. అందులో ఓడలు నడిచే బాట రాకకు 3 కిలోమీటర్లు, పోకకు 3 కిలోమీటర్లు, మధ్యలో అంతే ఖాళీ. 2020ల మొదటి సగంలో ఈ దారిలో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్లు వెళ్లాయి, ప్రపంచ వాడకంలో ఐదో వంతు. పక్కదారులు రెండే చెప్పుకోదగ్గవి: సౌదీలో అబ్కైక్ నుంచి ఎర్ర సముద్ర తీరంలోని యాన్బుకు వెళ్లే పైప్‌లైన్, యూఏఈలో హబ్షాన్ నుంచి ఫుజైరాకు వెళ్లేది. రెండోదాని సామర్థ్యం రోజుకు 15 నుంచి 18 లక్షల బ్యారెళ్లు. మొదటిది 50 లక్షలతో మొదలై తర్వాత పెరిగింది. రెండూ కలిపినా సగం సరుకుకు కూడా చాలవు. పైగా యాన్బు నుంచి తూర్పుకు రావాలంటే ఎర్ర సముద్రపు దక్షిణ కొసన ఉన్న బాబ్ ఎల్ మందెబ్ దాటాలి, అది మరో ఇరుకు. మరో చిక్కు కూడా ఉంది. సంక్షోభంలో ప్రపంచం ఆశపడే మిగులు సామర్థ్యం, అంటే 30 రోజుల్లో మొదలుపెట్టి కనీసం 90 రోజులు కొనసాగించగల అదనపు ఉత్పత్తి, ఎక్కువగా సౌదీ, యూఏఈల దగ్గరే ఉంది. అంటే అదీ ఈ తలుపు వెనకే.

దారి మూసుకుపోనక్కర్లేదు, పొడవైతే చాలు. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ట్యాంకర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. మన ఊహాదేశానికి ప్రయాణం 10 రోజులు పెరిగిందనుకుందాం. అప్పుడు సముద్రం మీద ఎప్పుడూ 1 కోటి బ్యారెళ్లు అదనంగా తేలుతుండాలి. అంటే నిండిన పెద్ద ట్యాంకర్లే 5 అదనం. తొలి 10 రోజుల్లో రేవుకు ఏ ఓడా రాదు. ఆ కోటి బ్యారెళ్లూ నిల్వల్లోంచి తీయాలి. పదకొండో రోజు నుంచి ప్రవాహం మామూలే, ఖర్చు మాత్రం ఎక్కువ. ఒక్కసారి పడే గుంట ఇది. పూడ్చే నిల్వ ఉన్నవాళ్లకు వార్త, లేనివాళ్లకు సంక్షోభం.

ఇక బీమా. యుద్ధ ప్రమాద ప్రీమియాన్ని ఓడ విలువలో శాతంగా, సాధారణంగా ఏడు రోజులకు కడతారు. 10 కోట్ల డాలర్ల ఓడకు 1 శాతం పడితే 10 లక్షల డాలర్లు. 20 లక్షల బ్యారెళ్ల మీద పంచితే బ్యారెల్‌కు 50 సెంట్లు. పత్రికల్లో పెద్దగా కనబడే ఈ పెంపు నిజానికి భరించదగ్గదే. ప్రమాదం బీమా ఖరీదవడంలో లేదు, దొరక్కపోవడంలో ఉంది. ప్రపంచపు పెద్ద ఓడల్లో 90 శాతం దాకా మూడో పక్ష నష్టాల బీమా డజను క్లబ్బుల కూటమి చేతిలో ఉంది. 2012లో ఇరాన్ చమురు మోసే ఓడలకు యూరప్ సంస్థల బీమాను నిషేధించినప్పుడు జపాన్ ప్రత్యేక చట్టం చేసి తానే హామీదారుగా నిలబడవలసి వచ్చింది. 2018లో అమెరికా ఇరాన్‌పై మళ్లీ ఆంక్షలు విధించి ఎనిమిది కొనుగోలుదార్లకు తాత్కాలిక మినహాయింపులిచ్చి, 2019 మే మొదట్లో వాటిని ముగించేసింది. అమ్మేవాడు అమ్ముతానంటున్నాడు, కొనేవాడు కొంటానంటున్నాడు, మూడోవాడి చట్టం వల్ల డబ్బు కదలదు. విదేశీ సరఫరా మీద ఆధారపడటమంటే ఆ సరఫరాకు బ్యాంకు, బీమా, ఓడ సమకూర్చే దేశాల మీద కూడా ఆధారపడటమే.

ఒప్పందాల సంగతి క్లుప్తంగా. ఏడాది కాలపు ఒప్పందంలో పరిమాణం ఖాయం. ధర మాత్రం ఖాయం కాదు. అమ్మేవాడు నెలనెలా ప్రకటించే తేడాను బెంచ్‌మార్క్‌కు (మార్కెట్ ప్రామాణికంగా తీసుకునే రకం ధరకు) కలుపుకోవాలి. చాలా పశ్చిమాసియా ఒప్పందాల్లో సరుకును మరొకరికి మళ్లించి అమ్మకూడదన్న షరతుంటుంది. కాబట్టి పక్క దేశానికి కొరత వచ్చినా సాయం చేయడం కుదరదు. విడి సరుకు మార్కెట్లో స్వేచ్ఛ ఉంది, సంక్షోభంలో పోటీ కూడా అక్కడే. మొత్తం ఒక పద్ధతిలోనే కొనే రిఫైనరీ నాకైతే నమ్మకం కలిగించదు.

నిల్వలు: రోజుల లెక్కలో దాగిన మోసం

1974 నవంబరులో పుట్టిన అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలకు పెట్టిన నియమం: నికర దిగుమతుల్లో 90 రోజులకు సమానమైన నిల్వ. ఆ 90 ఎందుకో తూర్పు ఆసియా కొనుగోలుదారు స్థానంలో నిలబడి చూస్తే తెలుస్తుంది. పశ్చిమాసియా సరుకు ఆగితే బదులు అట్లాంటిక్ వైపు నుంచి రావాలి. నిండిన పెద్ద ట్యాంకర్ పనామా కాలువలో పట్టదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడానికే నెలన్నర. దానికి ముందు సరుకు బేరం, ఓడ దొరకడం, అది లోడింగ్ రేవుకు చేరడం. అన్నీ సజావుగా సాగితేనే రెండు నుంచి రెండున్నర నెలలు.

ఇప్పుడు మన ఊహాదేశం 7.2 కోట్ల బ్యారెళ్ల ముడి చమురు దాచి, 72 రోజుల భద్రత ఉందని ప్రకటించిందనుకుందాం. సంస్థ పద్ధతిలో లెక్కిస్తే, ముందు నాఫ్తా (ఎక్కువగా రసాయన పరిశ్రమకు పోయే తేలిక భాగం) వాటా కింద 4 శాతం తీసేయాలి, 6.91 కోట్లు. ట్యాంకుల అడుగున పంపుకు అందని సరుకు కింద మరో 10 శాతం, 6.22 కోట్లు. అంటే 62 రోజులే. పైప్‌లైన్లలో ఉన్నదీ, బంకుల్లో ఉన్నదీ, సైన్యం దగ్గరున్నదీ, దారిలో ఉన్న ఓడల్లోదీ లెక్కలోకి రావు. పైప్‌లైన్ ఖాళీ చేస్తే తర్వాత సరుకు కదలదు కాబట్టి అది నిల్వ కాదు, యంత్రంలో భాగం.

ఈ రోజుల లెక్క కన్నా ముఖ్యమైనది, తక్కువగా అడిగేది మరో ప్రశ్న: రోజుకు ఎంత తీయగలం? గుహల్లో 6 కోట్ల బ్యారెళ్లున్నా పంపులూ పైపులూ రోజుకు 3 లక్షలే తోడగలిగితే, దిగుమతి పూర్తిగా ఆగిన రోజున 30 శాతం లోటే పూడుతుంది. మిగతా 70 శాతం మొదటి రోజు నుంచే కొరత. నిల్వ మాత్రం 200 రోజులు ఉంటుంది, కాగితం మీద గర్వంగా. అమెరికా వ్యూహాత్మక నిల్వ 71 కోట్ల బ్యారెళ్ల పైచిలుకు పట్టేలా కట్టింది. గరిష్ఠంగా తీయగలిగేది రోజుకు 44 లక్షలు, అధ్యక్షుడి నిర్ణయం తర్వాత సరుకు మార్కెట్‌కు చేరడానికి 13 రోజులు.

ఆ నిల్వ టెక్సాస్, లూసియానాల్లోని ఉప్పు గుమ్మటాల్లో ఉంది. 1 బ్యారెల్ చోటు తవ్వడానికి సుమారు 7 బ్యారెళ్ల నీరు పోసి ఉప్పును కరిగిస్తారు. చమురు తీయాలంటే అడుగుకు నీరు పంపిస్తే చమురు పైకి తేలి వస్తుంది. మంచినీరు పంపిన ప్రతిసారీ గోడల ఉప్పు ఇంకొంత కరుగుతుంది. అందుకే ఒక గుహను నింపి, ఖాళీ చేసే సార్లకు పరిమితి ఉంది. ధర కాస్త పెరిగినప్పుడల్లా నిల్వ తెరవమని అడిగే రాజకీయులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. ఉప్పు దొరకని చోట్ల, దక్షిణ కొరియా, భారత్‌లలో లాగా, గట్టి రాతిని తొలిచి గుహలు కడతారు. చుట్టూ రాతిలో రంధ్రాలు వేసి నీటి ఒత్తిడి నిలబెడతారు. చమురు బయటికి కారకుండా నీరే లోపలికి ఊరుతుంది, ఆ ఊటను తోడుతుండాలి. పంపులు, నీటి తెర సరిగా చూసుకోకపోతే నిల్వే ప్రమాదంలో పడుతుంది.

ముడి చమురును ఏళ్ల తరబడి ఉంచవచ్చు. పెట్రోల్‌ను ఉంచలేం. గాలితో చర్య జరిగి జిగురు కడుతుంది, తేలిక భాగాలు ఆవిరవుతాయి. కాబట్టి దాన్ని తిప్పుతూ ఉండాలి. అలాగని ముడి చమురు మాత్రమే దాచడం కూడా తప్పే. రిఫైనరీ దెబ్బతిన్న రోజున గుహలోని ముడి చమురుతో అంబులెన్స్ నడవదు. ఆస్ట్రేలియాలో 2021లో రెండు రిఫైనరీలు మూతపడి రెండే మిగిలాయి. తన ముడి చమురును ఎక్కువగా ఎగుమతి చేసి, శుద్ధి చేసిన ఇంధనం దిగుమతి చేసుకునే దేశమది. 2020లో చవకగా కొన్న చమురు దాచుకోవడానికి సొంత గడ్డపై చోటు లేక అమెరికా గుహలు అద్దెకు తీసుకుంది. మహాసముద్రం అవతల ఉన్న నిల్వ పత్రాల్లో నిల్వే, దారి తెగినప్పుడు కాదు. ఆ దేశానికే 2021 చివర్లో మరో పాఠం తగిలింది. చైనా యూరియా ఎగుమతులు కట్టడి చేయగానే డీజిల్ లారీల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే ద్రావణానికి కొరత వచ్చింది. అది లేకపోతే కొత్త లారీలు కదలవు, ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా సరే.

కొరతను పెంచేది సగం మనమే

ఊహాదేశంలో 1 కోటి కార్లు, ఒక్కోదానికి 50 లీటర్ల ట్యాంకు. మామూలుగా సగటున 40 శాతం నిండి ఉంటాయి. కొరత పుకారుతో అందరూ 75 శాతానికి నింపుకున్నారు. ఒక్కో కారుకు 17.5 లీటర్లు, మొత్తం 17.5 కోట్ల లీటర్లు. బ్యారెల్ 159 లీటర్లు కాబట్టి 11 లక్షల బ్యారెళ్లు. దేశపు దిగుమతిలో ఒక రోజు సరుకు పైనే, రెండు మూడు రోజుల్లో బంకుల నుంచి కార్లలోకి మారిపోతుంది. ఒక్క ఓడా ఆగకుండానే బంకులు ఎండుతాయి. 1979లో ఇరాన్ విప్లవ కాలంలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. ప్రపంచ సరఫరా తగ్గింది సుమారు 4 శాతమే. కంపెనీలు, వ్యాపారులు, వాహనదారులు అందరూ నిల్వలు పెంచుకోవడంతో ధర రెట్టింపు దాటింది.

ధరను చట్టంతో బిగిస్తే క్యూ పుడుతుంది. పూర్తిగా వదిలేస్తే పేదవాడు వాడకం మానేసి లోటు పూడుస్తాడు. రెండింటికీ మధ్య పనికొచ్చినవి చిన్న చిన్న నిబంధనలే: ఒకసారి పోసే పరిమాణానికి గరిష్ఠంతో పాటు కనీస హద్దు (సగం పైన నిండిన ట్యాంకులు క్యూలోకి రాకుండా), వేగ పరిమితి తగ్గింపు, అంబులెన్సులు, ఆహార రవాణా, పంట కోతలకు ముందే రాసి పెట్టిన ప్రాధాన్య జాబితా. శ్రీలంక 2022లో తెచ్చిన క్యూఆర్ కోడ్ కోటా క్యూలను బాగా తగ్గించింది. ఆలస్యం దాని ఏకైక లోపం. ఇలాంటి వ్యవస్థ సంక్షోభం మధ్యలో రాయడం మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

వాడకం తగ్గించుకోవడంలో ఉన్న మెలిక

1973లో ప్రపంచ విద్యుత్తులో నాలుగో వంతు చమురు మండించే చేసేవాళ్లు. ఇప్పుడది 3 శాతం లోపు. బొగ్గు, గ్యాస్, అణువిద్యుత్తు ఆ చోటు తీసుకున్నాయి. ఇది తేలిక భాగం, అయిపోయింది. మిగిలింది రవాణా.

బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టింది. 1980ల మధ్యకు కొత్త కార్లలో అత్యధికం ఇథనాల్‌తో మాత్రమే నడిచేవి. తర్వాత చమురు చవకైంది, చక్కెర ధర పెరిగింది, మిల్లులు చక్కెర వైపు మళ్లాయి. 1989 చివర్లో ఇథనాల్ కొరత వచ్చి, ఆ కార్ల యజమానులు రోడ్డున పడ్డారు. విదేశీ చమురు మీద ఆధారపడటం పోయి చక్కెర మార్కెట్ మీద ఆధారపడటం వచ్చింది. 2003లో రెండింటిలో ఏదైనా, ఏ పాళ్లలోనైనా పోసుకోగల ఇంజన్లు వచ్చాక గానీ ఆ ముడి వీడలేదు. కొత్త ఇంధనం కన్నా ఎంచుకునే వీలే అక్కడ భద్రతనిచ్చింది.

విద్యుత్ వాహనాల విషయంలోనూ ఇదే ప్రశ్న వేస్తారు: చమురు దేశాల బదులు బ్యాటరీ ఖనిజాలు శుద్ధి చేసే చైనా మీద ఆధారపడటమే కదా? సగం నిజం. చమురు ప్రవాహం లాంటిది, రోజూ మండిపోతుంది. అది ఆగితే వారాల్లో ఉన్న వాహనాలే ఆగిపోతాయి. బ్యాటరీ ఒకసారి కొన్నాక పదేళ్లు పనిచేసే వస్తువు. దాని దిగుమతి ఆగితే కొత్త బళ్ల అమ్మకం పడిపోతుంది, ఉన్నవి తిరుగుతూనే ఉంటాయి, వాటికి కావలసిన కరెంటు దేశంలోనే పుడుతున్నంత కాలం. బదులు వెతుక్కోవడానికి దొరికే గడువు మొదటిదానిలో 90 రోజులు, రెండోదానిలో ఏళ్లు. అయితే ఆ కరెంటు దిగుమతి గ్యాస్‌తోనో దిగుమతి బొగ్గుతోనో తయారవుతుంటే, లెక్క మళ్లీ ఓడలు, రేవులు, నిల్వల దగ్గరికే వస్తుంది. గ్యాస్ విషయంలో అది ఇంకా కఠినం. ద్రవీకరించిన గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఎంత జాగ్రత్తగా ఉంచినా రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది. చమురులా గుహలో పోసి ఏళ్ల పాటు మరిచిపోవడం కుదరదు.